వాగు ఒడ్డున ఆగిన సుబేదారు గారు

సుబేదారు గారు పోయారు. పోయిన నెల ఒక ఉదయం నేను కాలేజీలో మొదటి క్లాసు ముగించుకుని బయటికొస్తుంటే ఆయన భార్య, మా పిన్ని గారి ఫోన్ వచ్చింది. "అమ్మాయ్, మీ సుబేదారు గారు లేవట్లేదమ్మా. కాఫీ పెట్టి పిలిచాను. ఒక్క పిలుపుకి లేచే మనిషి, నాలుగుసార్లు పిలిచినా లేవట్లేదు," అన్నారావిడ. ఆ గొంతులో ఏడుపు ఇంకా మొదలవలేదు. భర్త మాట వినకపోవడం కొత్త కాబట్టి ఆశ్చర్యం మాత్రం ఉంది. నేను ఆటో పట్టుకుని వన్ టౌన్ చేరేసరికి డాక్టరు వచ్చి చూసి వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట.

ఆయన మా ఇంటి కింది వాటాలో తొమ్మిదేళ్లు ఉన్నారు. బట్టల హోల్‌సేల్ కొట్ల వెనక సందు మాది. తోపుడుబళ్లూ ఆటోలూ ఒకదాని మీద ఒకటి పడుతుంటే పగలంతా నడవడానికి దారి ఉండదు. ఆయన సైన్యంలో సుబేదారుగా రిటైరై వచ్చి, సందు చివర బట్టల గోడౌన్‌లో వాచ్‌మన్‌ల మీద అజమాయిషీకి చేరారు. పైన మేం ఉంటాం, మా అమ్మా నేనూ. నేను లా కాలేజీలో అంతర్జాతీయ చట్టం చెబుతాను. అంటే దేశాలు ఒకదానితో ఒకటి ఎలా మసలుకోవాలో చెప్పే పాఠం. వన్ టౌన్‌లో దానికి పెద్ద గిరాకీ లేదు. సందులో వాళ్లు నా దగ్గరికి గోడ తగాదాలు తెస్తారు, నాకు గోడల చట్టం రాదంటే నమ్మరు. సుబేదారు గారొక్కరే నా చదువుకి తగిన ప్రశ్న అడిగారు. దానికి కూడా నేను సరైన జవాబు చెప్పలేదు. ఇది రాయడానికి అసలు కారణం అదే.

ముందు ఆయన అలవాట్లు చెప్పాలి. మా గేటు పగలంతా తెరిచే ఉంటుంది. అయినా ఆయన బయటి నుంచి వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర ఆగి, "లోపలికి రావచ్చా అండీ?" అని అడిగేవారు. తానుండే ఇంట్లోకి తానే. పైన డాబా మీద ఆరేసిన తన చొక్కాలు తీసుకోవడానికి కూడా మెట్ల కింద నిలబడి అడగాల్సిందే. మా అమ్మకి చిరాకేసేది. "మీ వాటాకి మీరు రావడానికి మా పర్మిషనెందుకండీ? గోడలకి చెవులుంటాయంటారు, మా గోడలకి నోరు కూడా ఉందనుకుంటున్నారా?" అనేది. ఆయన నవ్వి, "అడిగితే పోయేదేముందమ్మా," అనేవారు. ఆ మాట ఆయనకి ఊతపదం. గోడౌన్‌లో కుర్ర వాచ్‌మన్‌లు ఆయన్ని అనుకరించేవాళ్లు. టీ బంకు ముందు నిలబడి "లోపలికి రావచ్చా అండీ?" అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్లు. ఆయన విని కూడా విననట్టు వెళ్లిపోయేవారు.

రెండో అలవాటు బూట్లు. రిటైరై ఎన్నేళ్లయినా నల్ల బూట్లే వేసుకునేవారు. పొద్దున్నే వరండాలో పీట వేసుక్కూర్చుని వాటిని అద్దంలా మెరిసేదాకా తుడిచేవారు, ఎప్పుడూ ఎడమ బూటు ముందు. సందులో రెండు తోపుడుబళ్లు ఎదురుపడి ఎవరూ వెనక్కి తగ్గకపోతే ఆ మెరిసే బూట్లతో మధ్యకి వెళ్లి నిలబడేవారు. అరిచేవారు కాదు. బరువు తక్కువున్న బండి వాడి భుజం మీద చెయ్యి వేసి, "నువ్వాగు బాబూ. ఆగడం కూడా పనే," అనేవారు. ఆ బండి వెనక్కి జరిగేది. ఇదంతా ఆయన స్వభావమనే అనుకున్నాను చాలా ఏళ్లు.

ఒక ఆదివారం సాయంత్రం మా ఇంట్లో టీవీ పెట్టి ఉంది. ఎక్కడో దూరంగా ఒక దేశం తన మీద తిరగబడ్డ వాళ్లని తరుముతూ పొరుగు దేశంలోకి సైన్యాన్ని దింపిందట. స్టూడియోలో ఆరుగురు కూర్చుని దాటొచ్చా దాటకూడదా అని అరుస్తున్నారు. ఒకాయన బల్ల గుద్ది, "సరిహద్దు దగ్గర ఆగినవాడు పిరికివాడు," అన్నాడు. పిన్ని గారు పంపిన చేగోడీల గిన్నె పట్టుకుని సుబేదారు గారు అప్పుడే గుమ్మంలోకి వచ్చారు. లోపలికి రావచ్చా అని అడగలేదు. గుమ్మంలోనే నిలబడి ఆ మాట విన్నారు. గిన్నె గట్టు మీద పెట్టి కిందికి వెళ్లిపోయారు. తొమ్మిదేళ్లలో ఆయన అడగకుండా గుమ్మంలోకి రావడం అదొక్కసారే చూశాను.

మర్నాడు డాబా మీద బట్టలు తీస్తుంటే వచ్చారు. మెట్ల దగ్గర ఆగి అడిగే వచ్చారు.

"లాయరమ్మ గారూ, ఒక సందేహమండీ."

"నేను లాయర్ని కాదండీ, పాఠాలు చెప్పుకునేదాన్ని."

"అదేనండీ, లాయర్లకి లాయరమ్మ. మన మీద కాల్చి పారిపోయే వాళ్లని తరుముతున్నామనుకోండి. వాళ్లు పక్క దేశంలోకి దూకారు. మనం దాటొచ్చాండీ?"

నాకు హుషారొచ్చింది. పదిహేనేళ్లుగా చెబుతున్న పాఠం, వన్ టౌన్ డాబా మీద ఒకరు కోరి అడిగారు. "సముద్రం మీదైతే ఒక నియమం ఉందండీ," అని మొదలుపెట్టాను. "మన జలాల్లో తప్పు చేసిన ఓడని మధ్యలో విడవకుండా తరుముతూ నడిసముద్రం దాకా వెళ్లొచ్చు. అది ఇంకో దేశపు జలాల్లోకి చేరిందంటే మాత్రం ఆగిపోవాలి. నేల మీద ఆ మాత్రం హక్కు కూడా అందరూ ఒప్పుకున్నది లేదు. పొరుగు దేశం సరేనంటే వెళ్లొచ్చు, ముందే ఒప్పందం ఉంటే వెళ్లొచ్చు. లేకపోతే అది వాళ్ల నేల."

"మరి పొరుగువాడు వాళ్లని ఆపకపోతేనండీ? ఆపే సత్తువ లేకపోతే?"

"గొడవంతా అక్కడేనండీ. అలాంటప్పుడు ఆత్మరక్షణ కోసం దాటొచ్చని కొన్ని దేశాలంటాయి. ఆ మాట ఒప్పుకుంటే బలమున్న ప్రతివాడూ బలం లేని పొరుగింట్లోకి దూరతాడని మిగతావి అంటాయి."

"అయితే దాటొచ్చా, కూడదా?"

"సందర్భాన్ని బట్టి ఉంటుందండీ."

ఆయన తీగ మీద నుంచి తన చొక్కా తీసి నాలుగు మడతలు పెట్టారు. "ఆ సందర్భంలో ఉన్నది నేనేనండీ," అన్నారు.

అప్పుడు చెప్పారు. తూర్పు కొండల్లో సరిహద్దు కాపలా. ఒకరోజు వీళ్ల గస్తీ మీద కొందరు తిరుగుబాటుదారులు కాల్పులు జరిపి పారిపోయారు. వీళ్లలో ఇద్దరికి దెబ్బలు తగిలాయి. మిగిలిన వాళ్లతో ఈయన మధ్యాహ్నం దాకా వాళ్లని తరిమారు. అడవి చివర ఒక వాగు. మోకాలి లోతు నీళ్లు, అవతలి గట్టు పక్క దేశం. తరిమిన వాళ్లు అప్పటికే అవతలికి చేరారు, ఇంకా కళ్లకి కనబడుతూనే ఉన్నారు. వైర్‌లెస్‌లో అడిగితే పైనుంచి మాట వచ్చేదాకా ఆగమన్నారు. ఈయన పక్కనే ఈయన ప్రాణ స్నేహితుడున్నాడు. పటాలంలో ఈయనకన్నా చిన్నవాడు, మన కృష్ణా జిల్లా వాడే, కూచిపూడి దగ్గర పల్లె. ఇద్దరూ ఒకే సీసాలో ఆవకాయ తిన్నవాళ్లు. "నడు అన్నా, నాలుగు అంగలు," అన్నాడతను. ఈయన వద్దన్నారు. పొద్దుగూకేదాకా కూర్చున్నారు. మాట రాలేదు. వెనక్కి తిరిగారు.

రెండు నెలల తరవాత అదే గుంపు ఇంకోచోట దాటి వచ్చింది. ఆ కాల్పుల్లో ఆ స్నేహితుడు పోయాడు.

"దాటి ఉంటే ఆ గుంపు మళ్లీ వచ్చేది కాదు కదండీ," అన్నారు సుబేదారు గారు. మడత పెట్టిన చొక్కాని మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టారు. పాఠం చెప్పినంత సులువు కాదు, ఆ పాఠంలో బతికిన మనిషి ముందు నిలబడటం.

తరవాత నా బుద్ధి కొద్దీ ఒక పని చేశాను. ఆయన్ని మా క్లాసుకి తీసుకెళ్లాను. పిల్లలు ఒక సైనికుడి మాట వింటారని పైకి అనుకున్నాను గానీ, నా జవాబు నేను చెప్పలేక అరవై మంది చేత చెప్పించాలని చూశానేమో. తరగతి గది గుమ్మం దగ్గర ఆగి, "రావచ్చా అండీ?" అన్నారు. పిల్లలు నవ్వారు. నేను మా డెల్టా ఉదాహరణ ఒకటి చెప్పాను. మా తాతల చేలో ఎలుకలు పడితే కన్నానికి పొగ పెట్టేవాళ్లు, అవి గట్టుకి అవతల పక్క చేలోకి దూరి తలదాచుకునేవి, మన పొగ అక్కడ పెట్టొచ్చా అని అడిగాను. చేతులెత్తమంటే సగానికి పైగా దాటాలన్నారు. ఒకమ్మాయి లేచి, "మీరైతే దాటేవారా సర్?" అంది. "నేను ఆగానమ్మా," అన్నారాయన.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, "మంచి పిల్లలండీ. ఒకటే మనవి. వాళ్లని ఎలుకలు అనొద్దండీ," అన్నారు. "ఆ వేళ అవతలి ఒడ్డుకి చేరిన వాళ్లలో ఒకడు రాయి మీద కూలబడి బూట్లు విప్పి నీళ్లు వంచేశాడు. ఎడమ బూటు ముందు. నాకూ అదే అలవాటు. వాడు మా వాళ్లని కాల్చినవాడే. నాకు వాడి మీద ఇప్పటికీ కోపమే. అయినా మనిషండీ." సిగ్గుతో నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ ఉదాహరణ మళ్లీ క్లాసులో చెప్పలేదు.

ఆ రోజే నాకు ఇంకో సంగతి తెలిసింది. స్నేహితుడి శవపేటిక గన్నవరం విమానాశ్రయంలో దిగినప్పుడు వెంట వచ్చింది ఈయనే. ఊరికి తీసుకెళ్లి తల్లికి అప్పగించింది కూడా ఈయనే. ఆమెకి భర్త ముందే పోయాడు, ఉన్నది ఒక్క కొడుకు. దాపరికం తెలియని మనిషి కదా, ఆ తల్లికి వాగు సంగతి అప్పుడే చెప్పేశారు. వాడు దాటదామన్నాడమ్మా, నేనే వద్దన్నాను అని. ఆమె ఏమీ అనలేదు. అప్పటినించీ ఏటా అతను పోయిన రోజున ఈయన ఆ ఊరు వెళ్తారు. గేటు దగ్గర నిలబడతారు. ఆమె గ్లాసుతో మజ్జిగ తెచ్చి గేటు దగ్గరే ఇస్తుంది. తాగి, గ్లాసు గోడ మీద పెట్టి వచ్చేస్తారు. ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారి కూడా లోపలికి రమ్మనలేదు.

"రమ్మనదండీ," అన్నారు. "ఎందుకంటుంది? నా వల్లే కదా. ఈసారి మీరు రండి లాయరమ్మ గారూ. చట్టం ఏమంటుందో ఆమెకి చెప్పండి. నన్ను క్షమించమనొద్దు. నేను పిరికితనంతో ఆగలేదని మాత్రం చెప్పండి," అన్నారు. ఆ ఇంటి గడప తొక్కకుండానే పోతానేమోనన్నది ఆయన దిగులు. అంతవరకు నాకు అర్థమైంది.

ఆ ఏడు నేనూ వెళ్లాను. ఉయ్యూరు, పామర్రు మీదుగా కూచిపూడి దాకా బస్సు, అక్కణ్నించి ఆటో. దారంతా చేలల్లో మినుము పచ్చగా ఉంది. నేను బస్సులో కాగితం మీద నాలుగు మాటలు రాసుకున్నాను, ముసలావిడకి అర్థమయ్యేలా చట్టం ఎలా చెప్పాలో అని. ఆయన ఒళ్లో చేతి రుమాలు పరుచుకుని దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నారు.

చిన్న పెంకుటిల్లు. ముందు ఇనప గేటు, ఒక రెక్క తెరిచే ఉంది. సుబేదారు గారు గేటుకి రెండడుగులు ఇవతల ఆగి నిలబడ్డారు. ఎక్కడైనా, ఎవరినైనా "రావచ్చా అండీ" అని అడిగే మనిషి అక్కడ మాత్రం అడగలేదు. వరండాలో ఆమె లేచి నిలబడింది. బక్కపల్చటి మనిషి, తలంతా తెల్లబడింది. మమ్మల్ని చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్లి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. గేటు దగ్గరికొచ్చి ఇచ్చింది. ఎండ చురుక్కుమంటోంది. నా కాగితం నా చేతిలో ఉంది గానీ, నాకు ఓపిక తక్కువ. మా అమ్మ నన్ను సన్నాయి నొక్కులు రాని మొద్దంటుంది, నిజమే.

"పెద్దమ్మ గారూ, ఏమీ అనుకోకండి. ఇన్నేళ్లుగా వస్తున్న మనిషిని ఒక్కసారైనా లోపలికి రమ్మనరేంటండీ?" అన్నాను.

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పరామర్శకొచ్చినోళ్లని రమ్మంటారా అమ్మా? మీ ఇళ్లల్లో అంటారా? ఆళ్లంతట ఆళ్లు రావాలిగానీ."

మనందరికీ తెలిసిన ఆచారమే. చావు జరిగిన ఇంటికి పలకరించడానికి వెళ్తే ఆ ఇంటివాళ్లు రండి అనరు. వెళ్లేటప్పుడు మనమూ వెళ్లొస్తామని చెప్పం. ఆ మాటలు అలాంటి రాకపోకలకి పనికిరావని పెద్దలు పెట్టిన కట్టుబాటు.

"మావాడు పోయిన రోజున ఎవరొచ్చినా నాకది పరామర్శే," అంది ఆమె, ఆయన వైపు తిరిగి. "ప్రతి ఏడూ ఆ రోజే వస్తావు. ఆ రోజు రమ్మని నోటితో ఎట్టా అంటాను? ఊళ్లో అందరూ ఆళ్లంతట ఆళ్లే వచ్చి కూర్చుని పోయారు. నువ్వొక్కడివే గేటు దాటవు. మా ఇంట్లో కూర్చోవడం నీకిష్టం లేదనుకున్నా. నన్ను చూస్తే వాడు గుర్తొస్తాడు గావాలనుకున్నా. మామూలు రోజు ఒక్కనాడు వచ్చావా? వస్తే అననా?"

సుబేదారు గారు సగం తాగిన గ్లాసు గోడ మీద పెట్టారు. "నేను పిలుస్తారని చూస్తున్నానమ్మా," అన్నారు. "పిలవంది దాటకూడదని... ఆగిపోయాను."

ఆమె గేటు రెండో రెక్క కూడా తెరిచింది. "ఆచారం సంగతి దేవుడు చూసుకుంటాడు. రా నాయనా," అంది.

ఆయన గేటు దాటి వరండా మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పసాగారు. ఇన్నేళ్లలో అక్కడ విప్పాల్సిన అవసరం రాలేదు. పొద్దున బిగించిన ముడులు ఒక పట్టాన ఊడటం లేదు. ఎడమ బూటు ముడి విప్పేసరికే కళ్ల నీళ్లు బొటబొటా బూటు మీద పడ్డాయి. నేను సాయం చేద్దామని వంగబోతే ఆమె చేత్తో వద్దని సైగ చేసింది. విప్పుకోనియ్ అన్నట్టు నిలబడి చూసింది.

లోపల మంచం మీద కూర్చోబెట్టింది. గోడ మీద కొడుకు ఫొటో. నేను కాగితం విప్పి, చట్టం ప్రకారం, అని మొదలుపెట్టాను. ఒక నిమిషం ఓపిగ్గా వింది. "నువ్వు చదువుకున్నదానివి, బానే చెప్తున్నావు," అంది. "మా ఆయన ఉన్న రోజుల్లో మా పశువు గట్టు దాటి పక్క చేలో పడితే తోసుకుంటా పోయి పట్టుకొచ్చేవాడు కాదు. గట్టు మీద నిలబడి ఆ చేను ఆసామిని కేకేసేవాడు. ఆ ఆసామి వచ్చి సరేనన్నాకే దిగేవాడు. ఈలోపు అది ఎంత మేసినా సరే. ఆ మేసినందుకు నష్టం కూడా తనే కట్టేవాడు. పొరుగోడితో రేపు కూడా బతకాలిగా అనేవాడు."

"మరి పక్క చేను ఆసామి ఎంత పిలిచినా రాకపోతేనండీ?" అన్నాను. మాస్టారు బుద్ధి ఎక్కడికి పోతుంది.

"అప్పుడు ఊళ్లో నలుగురినీ తీసుకెళ్లేవాడు. ఒక్కడే మాత్రం దిగేవాడు కాదు." తరవాత ఆయన వైపు చూసి నెమ్మదిగా అంది. "కోపం లేదని అబద్ధం చెప్పను నాయనా. మొదటి రెండేళ్లూ నీ పేరు తలుచుకుని తిట్టుకున్నా. దాటుంటే వాడు బతికేవాడేమో. ఆ వేళే ఆ నీళ్లల్లో పడిపోయేవాడేమో. ఎవరికి తెలుసు? నువ్వు ఆగి తప్పు చేశావని మాత్రం నేనెప్పుడూ అనుకోలేదు. ఆ సంగతి నీకు తెలుసనుకున్నా."

ఆయన తల వంచుకుని, "తెలీదమ్మా," అన్నారు.

ఆ పూట పప్పుచారూ వంకాయ వేపుడూ పెట్టింది. ఆయన మారు వడ్డించుకున్నారు. నా కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను, ఇప్పటికీ ఉంది. ఒక దేశం తిరుగుబాటుదారుల్ని తరుముతూ పొరుగు గట్టు దాటొచ్చా అని పిల్లలడిగితే ఇప్పటికీ నేను రెండు వైపులా చెబుతాను. పొరుగువాడు ఆపనప్పుడు చచ్చేవాళ్ల తల్లుల సంగతేంటని అడిగే పిల్లల్ని కసరను. వాళ్లడిగేదీ నిజమే. కానీ ఆగినవాడు పిరికివాడని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. ఆగినందుకు పదేళ్లు నిద్ర లేకుండా బతికిన మనిషిని నేను దగ్గరుండి చూశాను.

ఆ తరవాత సుబేదారు గారు ఆ ఊరు వెళ్లడం మొదలుపెట్టారు. ఆమె కొడుకు పోయిన రోజున కాదు, మిగతా రోజుల్లో. ఒక శుక్రవారం కాఫీ పొడి పట్టుకుని బయల్దేరితే, ఈ రోజేంటి విశేషమని మా అమ్మ అడిగింది. "ఏం లేదమ్మా, అందుకే వెళ్తున్నా," అన్నారు. ఒకసారి పెంకులు సర్దించి వచ్చారు. ఒకసారి ఆమె పంపిన మినుముల సంచి భుజాన వేసుకొచ్చి మాకూ సగం ఇచ్చారు. మా గేటు దగ్గర ఆగి అడగడం మాత్రం మానలేదు. మా అమ్మ విసుక్కోవడమూ మానలేదు. రెండేళ్లు ఇలా గడిచాయి. ఆయన అంత తేలిగ్గా నడవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆయన పోయిన మూడో రోజున ఆ తల్లి వచ్చింది. ఎవరో ఆటోలో బస్టాండు నుంచి తీసుకొచ్చి సందు మొదట్లో దింపారు. తోపుడుబళ్ల మధ్య నుంచి ఒక్కతే కర్ర పట్టుకుని నడిచి వచ్చింది. నేను మెట్ల మీద ఉన్నాను. గేటు దగ్గర ఆగి నిలబడింది. పిన్ని గారు లోపల గోడకి ఆనుకుని కూర్చున్నారు, ఆమెను చూశారు. ఎవరం ఏమీ అనలేదు, అనకూడదు. ఆమె ఒక్క క్షణం గేటు వైపు చూసి, చెప్పులు విడిచి, తనంతట తానే లోపలికి నడిచి వచ్చింది. పిన్ని గారి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. రెండు గంటలు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. లేచి వెళ్లేటప్పుడు వెళ్లొస్తానని చెప్పలేదు. మళ్లీ వస్తుందో రాదో తెలియలేదు. వయసు చూస్తే ఆ ప్రయాణం ఆమె మళ్లీ చెయ్యగలిగేది కాదనిపించింది.

కర్మలన్నీ అయ్యాక పిన్ని గారు ఆయన వస్తువులు చాలావరకు పంచిపెట్టారు. బూట్లు మాత్రం ఇవ్వలేదు. పొద్దున్నే వరండాలో అదే పీట మీద కూర్చుని తుడిచి గుమ్మం పక్కన పెడుతున్నారు. ఎడమది ముందు తుడవాలా అని ఒకసారి నన్నడిగారు. అవునన్నాను.

నిన్న గురువారం. పండగ కాదు, తద్దినం కాదు, పంచాంగంలో కూడా ఏమీ లేదు. పదకొండు గంటలప్పుడు గేటు చప్పుడైంది. డాబా మీద నుంచి వంగి చూస్తే ఆ పల్లె పెద్దమ్మ గారు. చేతిలో చిన్న గుడ్డ సంచీ, రెండో చేతిలో కర్ర. గేటు తెరిచే ఉన్నా బయటే ఆగింది. లోపలికి రాలేదు.

"ఏమ్మా, రావచ్చా?" అంది.

వంటింట్లో తిరగమోత చప్పుడు ఆగింది. పిన్ని గారు చేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చారు.

"రండత్తయ్యా, రండి."

ఆమె గేటు దాటి వచ్చి మెట్టు దగ్గర చెప్పులు విప్పింది. వాటిని కర్రతో జరిపి, మెరుస్తున్న ఆ నల్ల బూట్ల పక్కన సర్ది పెట్టి లోపలికి వెళ్లింది.